ముంత పట్టుకున్న పిల్ల

ఏడాదికొక్కసారి హైమ ఇంట్లో ప్రెషర్ కుక్కరుకి సెలవు. ఆ రోజు పొద్దున్నే అటక మీంచి సత్తుగిన్నె దింపి, గుప్పెడు బియ్యానికి చెంబుడు నీళ్ళు పోసి, పొయ్యి పక్కనే నిలబడి ఉడికిస్తుంది. అన్నం వార్చి, ఆ గంజిలో చిటికెడు ఉప్పు వేసి ఫ్లాస్కులో పోసుకుంటుంది. తర్వాత సాల్ట్ లేక్‌లో ఆటో ఎక్కి, ఫ్లాస్కుని ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని పట్టుకున్నంత జాగ్రత్తగా బడికి తీసుకెళ్తుంది. అది ఏడో తరగతికి కరువు కథ చెప్పే రోజన్నమాట.

ఈ పద్ధతి ఆవిడ కనిపెట్టింది కాదు, త్యాగరాజు మాస్టారిది. నలభై ఏళ్ళ కిందట కలకత్తాలోని ఇదే తెలుగు బడిలో, ఇదే పెచ్చులూడిన గదిలో, మాస్టారు ఇత్తడి మరచెంబుతో గంజి తెచ్చి హైమతో సహా పిల్లలందరి అరచేతుల్లో చెంచాడేసి పోసేవారు. నాకించాక తాను రాసిన 'మా మేడ కిటికీ' అనే కథ చదివేవారు. చరిత్ర పుస్తకంలో నలభై మూడు నాటి బెంగాలు కరువు నాలుగే లైన్లు. పల్లెల జనం తిండి లేక కలకత్తా వచ్చారు, లక్షల్లో పోయారు, అంతే. అన్నం అడగడానికి మొహం చెల్లక, "ఫ్యాన్ దావో మా" అని, అన్నం వార్చిన గంజి పొయ్యమ్మా అని వాకిలి వాకిలికీ తిరిగారన్న సంగతి మాస్టారి కథలోనే ఉంది. అప్పుడాయనకి పదేళ్ళు. వాళ్ళ నాన్నగారు రేవులో గుమాస్తా. మూడో అంతస్తు కిటికీలోంచి చూసినదంతా పెద్దయ్యాక రాసుకున్నారు.

మాస్టారు పోయి పదిహేనేళ్ళు. ఆ గదిలో ఇప్పుడు తెలుగు చెప్పేది హైమే. సున్నం వాసన, కిటికీ అవతల ట్రాము మలుపు తిరిగేటప్పటి కీచు, మాస్టారి పంచె అంచుకి ఎప్పుడూ అంటుకుని ఉండే సుద్దపొడి, వీటిలో మిగిలింది సున్నం వాసనొక్కటే అయినా, కథ చెప్పే రోజున మాత్రం మిగతా రెండూ కూడా ఉన్నట్టే ఉంటుంది ఆవిడకి.

ఆ సోమవారం ఫ్లాస్కు మూత తీయగానే పదకొండుమందిలో పదిమంది ముక్కులు మూసుకున్నారు.

"ఇది స్టార్చ్ కదా మిస్? మా డాడీ చొక్కాలకి పెడతారు" అన్నాడు జయంత్. వాళ్ళది న్యూ టౌన్. ఇరవై రెండో అంతస్తులో ఫ్లాటు. రోజూ కారులో వస్తాడు.

ఒక్క పుష్పరాణి మాత్రం చెయ్యి చాపి, పోయించుకుని, గటుక్కున తాగి, మళ్ళీ చాపింది. ఆ పిల్ల బేలేఘాటా కాలువ పక్కన కార్పొరేషన్ క్వార్టర్స్ నుంచి నడిచి వస్తుంది. తరగతిలో తెలుగు కూడబలుక్కోకుండా చదవగలిగేది ఆ పిల్లే. తక్కినవాళ్ళకి తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష మాత్రమే, అక్షరాలు కనిపిస్తే చెమటలు పడతాయి. ఇలాంటివాళ్ళ కోసమే హైమ ఏళ్ళ కిందటే మాస్టారి కథని పెద్ద అక్షరాలతో, చిన్న చిన్న వాక్యాలతో తిరగరాసి కాగితాలు తీయించింది. అయిదు పేజీల కథ ఒకటిన్నర పేజీకి వచ్చింది. శుక్రవారం తల్లిదండ్రులు వచ్చే రోజున దాన్ని పుష్పరాణి చేత చదివించాలని ఆవిడ ముచ్చట.

కథ సాగింది. వీధిలో పడిపోయిన జనం. తెల్లారగానే శవాలెత్తడానికి వచ్చే కార్పొరేషన్ బండి. బండివాడు ఒక్కొక్కరి మీదికీ వంగుతాడు. వాడి వెనకాలే ముంత పట్టుకుని ఒక పిల్ల నడుస్తుంది. బండివాడి చెయ్యి పడిపోయినవాళ్ళ నోటికీ ముంతకీ మధ్య తిరుగుతుంది.

హైమ ఆగి, మాస్టారు అడిగే చోటే, మాస్టారు అడిగినట్టే అడిగింది. "ఆ చెయ్యి ఏం చేస్తోంది?"

"చోరీ!" అన్నాడు జయంత్. వాడికేమీ తెలివితేటలు అక్కర్లేకపోయింది. తరవాతి వాక్యం కాగితంలోనే ఉంది: 'చచ్చినవాళ్ళ బంగారు పళ్ళు ఊడదీసి ముంతలో వేస్తున్నాడు.'

"అవును. ఆకలి మనిషి చేత అంత పనీ చేయిస్తుంది" అంది హైమ.

పుష్పరాణి లేచి నిలబడింది. "గంజి అడుక్కునేవాళ్ళకి బంగారు పళ్ళెక్కడివి మిస్?"

ఇన్నేళ్ళుగా ఆ కథ చెబుతూ హైమ ఆ సంగతి ఆలోచించనే లేదు. "కథ కదమ్మా" అంది.

"కాదు మిస్. మా తాతమ్మ వాళ్ళ అయ్య ఆ బండే లాగేవాడు. మా తాతమ్మే ముంత పట్టుకునేది. అందులో బంగారం కాదు..."

అప్పటికే తరగతి గొల్లుమంది. ముంత అన్న మాట పిల్లలకి కొత్త, నవ్వడానికి బాగుంది. హైమ డస్టరుతో బల్ల మీద కొట్టింది. గంట కొట్టడానికి అయిదు నిమిషాలుంది, కాగితం చివర రాసిన ప్రశ్నలు ఇంకా అలాగే ఉన్నాయి.

"కూర్చో తల్లీ. మనం కథలో ఉన్నదే చెప్పుకోవాలి. లేనిది తేకూడదు."

మెత్తగానే అంది. తిట్టలేదు, కసరలేదు. పుష్పరాణి కూర్చుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గోటితో అంచులు గీసి గీసి నున్నగా చేసి, పుస్తకం కింద పెట్టేసింది.

వసారాలో జయంత్ గొంతు వినిపించింది. "ఏయ్ ముంతా! సోనా కోథాయ్?" బంగారమేదీ అని. మరో ఇద్దరు అందుకున్నారు. హైమ విన్నది. ఆరో తరగతికి ఆలస్యమైపోతోంది. తరవాత చెబుదాంలే అనుకుని, ఖాళీ ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని మేడ మెట్లెక్కింది.

మంగళవారం పుష్పరాణి రాలేదు. రెండో బల్లలో ఆ చోటు ఖాళీగా ఉంది. హైమ హాజరు రెండుసార్లు పిలిచింది.

"శుక్రవారం ఎనిమిదో తరగతి పూజిత చేత చదివించేయండి హైమగారూ. స్పష్టంగా చదువుతుంది" అన్నారు హెడ్మాస్టరు కోదండంగారు, బెంగాలీ పేపరు మడుస్తూ.

"స్పష్టంగా కాదండీ, గబగబా చదువుతుంది."

"అదే లెండి. టైముకి అయిపోతుంది."

బుధవారం కూడా ఆ చోటు ఖాళీయే. పిల్ల జ్వరపడిందేమో అని తనకి తాను చెప్పుకోబోయింది గానీ, ఆ మాట మీద తనకే నమ్మకం కుదరలేదు. సాయంత్రం బడి వదలగానే ఆఫీసు రిజిస్టరులో చిరునామా చూసుకుని, గొడుగేసుకుని కాలువ వైపు నడిచింది.

ముప్ఫై ఏళ్ళుగా ఆ బడిలో పని చేస్తూ క్వార్టర్స్ లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి. నడిచి పావుగంట. వానకి సందంతా బురద. కుళాయి దగ్గర బిందెల వరస, అచ్చం బొబ్బిలి సంతలో వినిపించే తెలుగు, మధ్యమధ్య బెంగాలీ తిట్లు. హైమ చిన్నప్పుడు నాయనమ్మ దగ్గర విన్న యాస అది. 'ఏటి', 'ఎక్కడికెల్తన్నావు' అన్న మాటలు చెవిన పడగానే, వచ్చిన పని అలా ఉంచి, ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను ఇంట్లో కూడా ఎప్పుడో మానేసిన మాటలు.

"ఎవులు కావాలి దీదీ?" అని అడిగిందొక ఆవిడ.

"పుష్పరాణి వాళ్ళ ఇల్లు."

"అప్పమ్మ మునిమనవరాలా? అదిగో, సివర్న."

చివరి గది గడప దగ్గర తొంభై ఏళ్ళ ముసలావిడ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది. కళ్ళతో కాదు, వేళ్ళతో. రాయి తగలగానే బొటనవేలితో టక్కున బయటికి నెట్టేస్తోంది. లోపల పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతోంది. పుష్పరాణి హైమని చూసి చటుక్కున లేచి తలుపు వెనక్కి వెళ్ళిపోయింది.

"ఎవులే గుంటా?" అంది ముసలావిడ.

"మా మిస్సు" అని తలుపు వెనక నుంచి.

"ఓలమ్మ! కూకో తల్లీ, కూకో. పీటెయ్యే!"

పీట వచ్చింది, పిల్ల రాలేదు. హైమ పీట మీద కూర్చుంది. ఏం చెప్పాలో దారిలో అనుకున్నదంతా మరిచిపోయింది.

"మామ్మగారూ, పుష్ప బడికి రావడం లేదు. తప్పు నాది. మీ నాన్నగారి గురించి ఏదో చెప్పబోతే నేను చెప్పనివ్వలేదు."

అప్పమ్మ బియ్యం మీంచి చెయ్యి తీయలేదు. "దొంగోడన్నారటగా మీ పుస్తకంల."

హైమ తల దించుకుంది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అంత సిగ్గు పడిన సందర్భం లేదు.

"నాకు చెప్పండి మామ్మగారూ. వినడానికే వచ్చాను."

ముసలావిడ చేట పక్కన పెట్టి, కాళ్ళు చాపుకుంది.

"మా అయ్య పేరు గురవయ్య. కార్పొరేసన్ల సెత్తబండి నాగీవోడు. ఆ యేడు సెత్త నేదు తల్లీ. ఊరు ఊరంతా తినీడానికే నేకపోతే సెత్తెక్కడిది? మనుసుల్నే ఎత్తమన్నారు. పడిపోయినోళ్ళు అందరూ ఒక్కనాగే ఉండీవోరు. పేనం ఉన్నోడెవుడో పోయినోడెవుడో తెల్దు. నాడి అందదు, ఊపిరి అవుపడదు. సూపరైజరు బాబు ఎత్తు, ఎత్తు అని అరిసీవోడు. ఒకపాలి ఎత్తి పడీసినోడు బండి మీద మూలిగినాడంట. మా అయ్య ఆ రాత్తిరి కూడు తిన్నేదు. తెల్లారి అమ్మనడిగి ముంతల గంజి పోయించుకున్నాడు. అమ్మకి జొరం, నన్నొక్కదాన్నీ ఒగ్గీనేక ఎంటెట్టుకెల్లినాడు. ముంత నేను మోసీదాన్ని."

"ఆ గంజి..."

"కొబ్బరిసిప్ప గరిటితో నోట్ల రెండు సుక్కలు పోసి, గొంతు మీద ఏళ్ళెట్టీవోడు. గొంతు కదిల్తే ఉన్నట్టు. పక్కనించి కారిపోతే పోయినట్టు. అంతే."

కిటికీలోంచి చూస్తే చెయ్యి నోటికీ ముంతకీ మధ్య తిరుగుతుంది. అంతవరకు కథలో ఉన్నది నిజమే.

"మింగినవాళ్ళని ఏం చేసేవారు?"

"అరుగు మీదకి సేరేసి మల్లీ పోసీవోడు. అంబలి పోసీ సత్రం దగ్గిరుంటే అక్కడికి మోసీవోడు. సాయంత్రానికి ఉన్నోళ్ళు ఉండీవోరు, పోయినోళ్ళు పోయీవోరు." ఆవిడ ఉన్నట్టుండి నవ్వింది. నోట్లో ఒక్క పన్ను లేదు. "ఒకావిడ గరిటి కొరికీసినాది తల్లీ! ఎంత నాగినా ఒగ్గదు. మా అయ్య నవ్వీసినాడు. ఆ యేడంతటికీ మా అయ్య నవ్వడం ఆ ఒక్కపాలే సూసినాను."

లోపల అన్నం ఉడికింది. పుష్పరాణి గిన్నె వంచి వార్చిన చప్పుడు వినబడింది. అప్పమ్మ "ఇలా తే" అంటే గంజిగిన్నె, గరిటె తెచ్చి ముందు పెట్టి, హైమ వంక చూడకుండా నిలబడింది. ముసలావిడ గంజిని గరిటెతో తిప్పి తిప్పి చల్లార్చింది.

"నోరు తియ్యి."

హైమ నోరు తెరిచింది. నాలుగు చుక్కలు నాలిక మీద పడ్డాయి. ఎండుపుల్లల్లాంటి రెండు వేళ్ళు గొంతు మీద ఆనాయి. ఆ వేళ్ళ కింద తన గొంతు కదలడం తనకే తెలిసింది.

"మింగినావు. బండెక్కక్కర్నేదు, ఇంటికెల్లు" అంది అప్పమ్మ.

తలుపు దగ్గర పుష్పరాణి నవ్వాపుకోలేకపోయింది. ఆ వెంటనే నవ్వినందుకు కోపం తెచ్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. శుక్రవారం వస్తావా అని హైమ అడిగింది. "దొంగ అని నేను చదవను" అన్న మాట లోపల నుంచి వచ్చింది.

ఆ సాయంత్రం హైమ ఇంటికి చేరగానే కాళ్ళయినా కడుక్కోకుండా మంచం కింది ట్రంకుపెట్టె లాగింది. మాస్టారు ఏడో తరగతి పిల్లలందరికీ పంచిన సైక్లోస్టైలు కాగితాలు అడుగున ఉన్నాయి. వంగపండు రంగు సిరా పాలిపోయింది గానీ మాస్టారి గుండ్రటి దస్తూరి అలాగే ఉంది. కాగితాలు ముక్కు దగ్గర పెట్టుకుంటే నాఫ్తలీను ఉండల వాసన తప్ప మరేదీ రాలేదు. అయినా ఆవిడకి ఆ గది, ఆ మధ్యాహ్నం, రెండు జడల తను, మాస్టారి గొంతు అన్నీ వచ్చేశాయి. "ఆ చెయ్యి ఏం చేస్తోంది?" అని మాస్టారు అడగడం, అందరికన్న ముందు తనే లేచి "దొంగతనం మాస్టారూ" అనడం, ఆయన కొంచెంసేపు తన వంకే చూసి, "అంతేనంటావా" అని కాగితాలు మడిచేయడం. మెచ్చుకున్నారనుకుంది. నలభై ఏళ్ళు అలాగే అనుకుంది.

చివరి పేజీ తీసి చదివింది.

'బంగారు పళ్ళు ఊడదీస్తున్నాడని మా వంటావిడ అంది. నేను నమ్మాను. ఇప్పుడు నమ్మను. గంజికి లేనివాళ్ళకి బంగారమెక్కడిది? ఆ చెయ్యి ఏం చేస్తోందో నాకు ఈనాటికీ తెలియదు. చూసింది మూడో అంతస్తు నుంచి. నేను మెట్లు దిగలేదు.'

కథ అక్కడ అయిపోయింది. పిల్లలకి కష్టంగా ఉంటుందనీ, ముగింపు తేలిపోతోందనీ, చివరి ఆరు వాక్యాలూ కోసేసి, వంటావిడ మాటని కథ మాటగా చేసి, పెద్ద అక్షరాల్లో టైపు చేసి, తర్వాత ఆ సంగతే మరిచిపోయింది తనే. మాస్టారు ముప్ఫై ఏళ్ళు అడిగింది పరీక్ష ప్రశ్న కాదు. ఆయనకి నిజంగా తెలియక అడిగారు. ఆ రోజుల్లో బడికి వచ్చేది ఆఫీసర్ల పిల్లలు, బ్యాంకువాళ్ళ పిల్లలు. తెలిసినవాళ్ళ పిల్లలు ఆ గదిలోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. తీరా ఒక పిల్ల వచ్చి, లేచి నిలబడి చెప్పబోతే, కూర్చో తల్లీ అంది తను. హైమ ఆ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

గురువారం తరగతిలో ఆవిడ పాఠం చెప్పలేదు. తాను కోసేసిన వాక్యాలు బోర్డు మీద రాసి, "ఇవి మాస్టారు రాశారు. నేను తీసేశాను. తప్పు నాది. దొంగ అన్న మాట మీ చేత అనిపించింది నేనే" అంది. ఎవరూ నవ్వలేదు. జయంత్ పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"మిస్, మరి ఆ చెయ్యి ఏం చేస్తోంది?" అని అడిగాడు చివరికి.

"నాకు తెలుసు. కానీ చెప్పాల్సింది నేను కాదు."

సాయంత్రం మళ్ళీ కాలువ పక్కకి వెళ్ళింది. పుష్పరాణి కుళాయి దగ్గర వరసలో ఉంది. హైమ బిందెల పక్కనే నిలబడి, పాత కాగితాలు సంచిలోంచి తీసి ఇచ్చింది. పిల్ల తడి చేతులు గౌనుకి తుడుచుకుని చివరి పేజీ చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. వెనకవాళ్ళు బిందెలు ముందుకి జరుపుకుంటున్నా పట్టించుకోలేదు.

"ఇది ఎందుకు తీసేశారు మిస్?"

"మీకు కష్టంగా ఉంటుందని."

"నాకు చదవడం వచ్చు మిస్" అంది పుష్పరాణి.

"వచ్చమ్మా. నాకే చదవడం రాలేదు."

పిల్ల కాగితాలు మడత పడకుండా గుండెకి ఆనించుకుంది. "తాతమ్మని తీసుకురావచ్చా?" అని అడిగింది.

శుక్రవారం హాల్లో యాభై కుర్చీలు వేశారు. కోదండంగారు ముందు వరసలో కుర్చీ ఖాళీ చేయించి, అప్పమ్మని స్వయంగా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఆవిడ ఉతికిన తెల్లచీర కట్టుకుని, రిక్షాలో వచ్చిన బడాయి మొహాన కనబడుతుండగా, అటూ ఇటూ అందరినీ పలకరించింది. పక్క కుర్చీలో జయంత్ వాళ్ళ అమ్మ. "మీదేవూరు మామ్మగారూ?" అంటే, "ఇదే తల్లీ, కలకత్తా" అంది.

పుష్పరాణి పాత కాగితాలే పట్టుకుని చదివింది. అయిదు పేజీలూ. అక్షరాల కింద వేలు పెట్టుకుని, తొందర లేకుండా, ఇంట్లో తాతమ్మకి పాత వారపత్రికలు చదివి వినిపించే గొంతుతో. కోదండంగారు ఒకసారి గడియారం చూసుకుని, మళ్ళీ చూసుకోలేదు. బండి వచ్చింది. బండివాడు వంగాడు. వెనకాల ముంత పట్టుకున్న పిల్ల నడిచింది. అప్పమ్మ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకి వంగింది. ఆ పిల్ల తనేనో, తనలాంటి మరో పిల్లో, ఊళ్ళో అన్ని బండ్లున్నప్పుడు ఎవరు చెప్పగలరు. కానీ ఆవిడ వేళ్ళు మాత్రం ఒళ్ళో దేన్నో పట్టుకున్నట్టు గుండ్రంగా ముడుచుకున్నాయి.

"'ఆ చెయ్యి ఏం చేస్తోందో నాకు ఈనాటికీ తెలియదు'" అని చదివింది పుష్పరాణి. "'చూసింది మూడో అంతస్తు నుంచి. నేను మెట్లు దిగలేదు.'"

హాల్లో చప్పట్లు ఇంకా మొదలవలేదు. కథ అయిపోయిందని ముసలావిడకి తెలియదు. ఎవరో పిల్లాడు పై నుంచి తనని అడుగుతున్నాడనుకుంది. తల పైకెత్తి, ఫ్యాను వైపు చూస్తూ, గట్టిగా జవాబు చెప్పింది.

"గంజి పోత్తన్నాడు బాబూ. మా అయ్య గంజి పోత్తన్నాడు. దిగొస్తే నీకూ ఓ గరిటి పోసీవోడు."

పుష్పరాణి చేతిలో ఇక చదవాల్సిన కాగితాలు లేవు, ఏం చెయ్యాలన్నట్టు మిస్సు వంక చూసింది. హైమ లేచి గోడనున్న నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, సుద్దముక్క తీసుకుని, మాస్టారి కథ చివరి వాక్యం రాసి, దాని కింద అప్పమ్మ అన్న మాటల్ని అన్నవి అన్నట్టుగా రాసింది.